రెంటచింతల నీటిని నేను

నేను నీటిని. మహాబలేశ్వరం కొండల్లో పుట్టి, శ్రీశైలం దాటి, నాగార్జునసాగర్‌లో ఆగి, కుడికాలువ వెంట పల్నాడుకు వచ్చినదాన్ని. 1955 డిసెంబర్ 10న నెహ్రూ ఆ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ నన్ను కాలువలకు వదిలారు. అంతకుముందు ఈ పల్నాడు వాన మీదే ఆశ పెట్టుకున్న మెట్ట నేల. నేను వచ్చాక ఇక్కడ వరి, మిరప, పత్తి పచ్చబడ్డాయి. ఆ గర్వం నాకు ఎప్పటికీ ఉంటుంది.

పల్నాడులోని రెంటచింతల పేరు మాత్రం రాష్ట్రమంతా ఎండతోనే తెలుసు. ఉష్ణోగ్రతల వార్త చదివేటప్పుడు ఈ ఊరి పేరు వినపడని వేసవి లేదు. రోహిణి కార్తెలో 45 డిగ్రీలు దాటిన రోజున కుంటలో ఉన్నా, పశువుల తొట్టిలో ఉన్నా నాకు నిలకడ ఉండదు. ఆవిరినై లేచిపోతాను. ఎండకు నేను ఓడిపోవడమే ఇక్కడి జనం చూశారు. అదే వేడి నా చేత ఎంత గొప్ప పని చేయించగలదో చెప్పాలనే ఈ కథ మొదలుపెట్టాను.

కుంటలో కదలకుండా నిలిచిన నాలో నాలుగు రోజులకే పచ్చదనం పుడుతుంది. పాచి పట్టిందని మీరు మొహం తిప్పుకుంటారు. ఆ పచ్చదనంలో కంటికి కనపడని జీవులుంటాయి. వాటినే సూక్ష్మ శైవలాలు అంటారు. క్లోరెల్లా అనే జాతిని డచ్చి శాస్త్రవేత్త బేయరింక్ 1890లో వర్ణించాడు. దాని కణం వెడల్పు మిల్లీమీటరులో వందో వంతు కూడా ఉండదు. ఆ ఇరుకులోనే మాంసకృత్తులు, చక్కెరలు, నూనెలు, రంగులు కూర్చుకుంటుంది. స్పిరులినా అనే మరోదానిది శాస్త్రం ప్రకారం బ్యాక్టీరియా కులమే అయినా మార్కెట్లో శైవలంగానే చెలామణి. ఎండిన స్పిరులినా బరువులో సగానికి పైగా మాంసకృత్తులే. అయితే ఊరి కుంటలోని పాచిలో విషం పుట్టించే జాతులూ ఉంటాయి. మందుకూ తిండికీ పనికొచ్చేది శుభ్రమైన తొట్లలో, తెలిసిన విత్తనంతో పెంచినదే.

కణంలోపలి ఈ సంపదను బయటికి తీయడమే కష్టం. క్లోరెల్లా కణం చుట్టూ గట్టి గోడ ఉంటుంది. ఆ గోడ దాటడానికి మనుషులు ఎక్కువగా హెక్సేన్, అసిటోన్ వంటి ద్రావణులను నమ్ముకున్నారు. హెక్సేన్ పెట్రోలియం నుంచి వస్తుంది, ఇట్టే అంటుకుంటుంది. తిండిలోకి వెళ్లే సరుకులో దాని జాడ మిగలకుండా చూడాలి. పైగా చాలా పద్ధతుల్లో శైవలాన్ని ముందు ఎండబెట్టాలి. అందులోని నన్ను వెళ్లగొట్టడానికే బోలెడు ఇంధనం ఖర్చవుతుంది. అంత ఖర్చు పెట్టి నన్ను తరిమే బదులు, ఆ పని నాకే అప్పగించొచ్చు కదా!

మూత బిగించి కాస్తే సారం లాగే నా శక్తిని మొదట పట్టుకున్నవాడు డెనీ పపాఁ అనే ఫ్రెంచి వైద్యుడు. లండన్‌లో ఉంటూ 1679లో బిగుతు మూత ఉన్న ఒక లోహపు పాత్ర చేశాడు. అందులో నన్ను ఎముకలతో కలిపి కాచాడు. ఎముకలు మెత్తబడి వాటి సారం నాలోకి దిగింది. పాత్ర పగలకుండా అతడే రక్షక కవాటాన్ని కనిపెట్టాడు. మీ వంటింటి కుక్కర్ ఆ పాత్ర వంశంలోదే. కుక్కర్‌లో నేను 120 డిగ్రీల దాకా వెళ్లి కందిపప్పు ఉడికిస్తాను. ప్రయోగశాలలోని ఉక్కు పాత్రలో నేను చేసేదీ అలాంటి పనే, వేడీ పీడనమూ మాత్రం ఇంకా ఎక్కువ.

మామూలుగా 100 డిగ్రీలకు నేను ఆవిరవుతాను. వాతావరణ పీడనానికి సుమారు పదహారు రెట్లు నన్ను అదిమిపెడితే 200 డిగ్రీల దగ్గర కూడా ద్రవంగానే ఉంటాను. 374 డిగ్రీలు నా అసలు హద్దు. అది దాటితే ద్రవానికీ ఆవిరికీ తేడా ఉండదు. నూటికీ ఈ హద్దుకూ నడుమ ద్రవంగా ఉన్న నన్ను సబ్‌క్రిటికల్ నీరు అంటారు. అప్పుడు నా స్వభావమే మారిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు ఉప్పునూ చక్కెరనూ కరిగిస్తాను, నూనెను దగ్గరికి రానివ్వను. ఆ పట్టింపును కొలిచే అంకె 25 డిగ్రీల దగ్గర 78 అయితే, 200 దగ్గర 35కు పడిపోతుంది. మెథనాల్ అనే ఆల్కహాలుకు మామూలుగా అది 33. అంటే వేడెక్కిన కొద్దీ నేను ఆల్కహాలులా నడుచుకుంటాను, చన్నీళ్లలో కరగనివి కూడా నాలోకి దిగుతాయి. నేను పలచబడి కణం గోడ సందుల్లోకి దూరతాను, గోడను వదులు చేస్తాను. చల్లారిస్తే మళ్లీ మామూలు నీటినే. బలవంతాన కరిగినవి తమంతట తామే విడిపోతాయి. తడి శైవలం ముద్దను ఎండబెట్టకుండా అలాగే పాత్రలో వేయొచ్చు. చాలావరకు నిమిషాల్లోనే పని పూర్తవుతుంది.

నాకు హద్దులు ఉన్నాయి, అవి దాచను. స్పిరులినాలోని నీలి రంగు ఫైకోసయనిన్ 60 డిగ్రీలు దాటితే పాడవుతుంది. దాన్ని చల్లని నీటితోనే తీయాలి, ఆ తర్వాతే వేడి పాత్ర వంతు. మరీ వేడెక్కిస్తే చక్కెరలూ మాంసకృత్తులూ కలిసి మాడిన పదార్థాలవుతాయి. 300 డిగ్రీల దగ్గర శైవలంలో కొంత భాగం ముడి చమురులాంటి నూనెగా మారుతుంది, మందు కావాలన్నవాడికి అది నష్టమే. ఏ సారానికి ఎంత వేడో తెలుసుకోవడమే ఈ విద్యకు ప్రాణం.

1994లో అమెరికాలోని నార్త్ డకోటా విశ్వవిద్యాలయంలో హాథార్న్ బృందం ఇలా వేడెక్కిన నాతో మట్టిలోని కాలుష్యాలను బయటికి తీసింది. తరవాత మాడ్రిడ్‌లో ఇబానెజ్, సిఫుయెంతెస్ బృందం పీడనంతో స్పిరులినా సారాలు తీసి ఆక్సీకరణను ఆపే గుణాలను పరీక్షించింది. మన హైదరాబాదులోని రసాయన సాంకేతిక సంస్థ ఐఐసీటీలో 2014 భట్నాగర్ పురస్కార గ్రహీత ఎస్. వెంకటమోహన్ మురుగునీటిలో శైవలాలు పెంచి వాటి నుంచి విలువైనవి రాబట్టడంపై ఏళ్ల తరబడి పనిచేశారు.

రెంటచింతలకు ఎండ దండిగా ఉంది. తిరుమలలో అన్నప్రసాదాల కోసం గిన్నెల్లాంటి అద్దాలతో ఎండను పట్టి నన్ను 180 డిగ్రీల ఆవిరిగా మార్చారు. సారం తీయడానికి కావలసింది దాదాపు అంత వేడే. శైవలం మాత్రం 40 డిగ్రీలు దాటితే చిక్కిపోతుంది. దానికి మిరప నారుమళ్లకు కట్టే షేడ్‌నెట్ లాంటి నీడ కావాలి. ఆవిరైన నా వంతు మళ్లీ పోయాలి. సారం తీసిన నన్ను శుద్ధి చేసి తిరిగి తొట్టికే మళ్లించాలి. నేను కొరతగా ఉన్న సీమలో ఇది తప్పనిసరి.

పల్నాడు బిడ్డల్లారా, రసాయన ఇంజినీరింగ్ చదువుతున్నవాళ్లారా, ఒక చిన్న తొట్టితో, పరీక్ష పెట్టి ధ్రువపరచిన పాత్రతో, గురువు పక్కనుండగా మొదలుపెట్టండి. ఇంటి కుక్కర్‌తో ఈ ప్రయోగం ఎన్నడూ చేయకండి. విషద్రావణుల అవసరం తగ్గించగల శక్తి నాకుంది. మీ పొలానికి వచ్చినట్టే మీ ప్రయోగశాలకూ వస్తాను, పిలవండి.