లైటెయ్యకుండ్రి: సటీకా తాత్పర్యం

మూలం: "లైటెయ్యకుండ్రి. పిలగానికి పండ్లొస్తున్నయ్. జెర పాలు తాగి పండుకుంటడు."

అవతారిక: గుడిమల్కాపూర్ పూలమార్కెట్ దగ్గరి గల్లీలో, రెండో అంతస్తులో, తెల్లవారుజాము మూడింటికి ఒక తల్లి పలికిన వాక్యమిది. శ్రోత, నిద్రమత్తులో గోడ తడుముతున్న తండ్రి. బంతి, చామంతి మూటల ట్రాలీ ఆటోలు అప్పటికే దిగుతున్నాయి; వాటి హెడ్‌లైట్లు సీలింగు మీద ఈ మూల నుంచి ఆ మూలకు పాకుతున్నాయి. ఆ వెలుతురు చాలలేదు కాబోలు మహానుభావుడికి.

టీక: లైటు = ట్యూబ్‌లైటని గ్రహించునది. జీరో బల్బుకు ఈ నిషేధం లేదు. ఏలనన, చీకటి పడ్డాక ఊరే మెలటోనిన్ అనే నిద్రరసాన్ని తెల్లని కాంతి అణచివేస్తుంది. మసక పసుపు, ఎరుపు వెలుగులు దాని జోలికి అంతగా పోవు. పిలగాడు = ఏడో నెలవాడు. పుట్టిన కొత్తలో వీడికి రాత్రీ పగలూ ఒక్కటే. సొంత మెలటోనిన్ లయ రెండు మూడు నెలలకు గాని కుదురుకోదు. అందాకా తల్లి దగ్గర అరువు: రాత్రి చనుబాలలో ఆ రసం ఉంటుంది, పగటిపాలలో దాదాపు ఉండదు.

పండ్లొస్తున్నయ్ = సాధారణంగా కింది రెండు ముందు; మూడేళ్లు వచ్చేసరికి 20.

ఆక్షేపం: పగలంతా నవ్వినవాడు రాత్రే ఎందుకేడ్చును? సమాధానం: పగలు చూడ్డానికి పూలబుట్టలు, ఎత్తుకోవడానికి నలుగురు, రాత్రి చిగుళ్ల సలుపు తప్ప తోడెవరూ లేరు. పైగా పళ్లు కూడా నైట్ డ్యూటీ చేస్తాయి. 1996లో అమెరికా దంతవైద్యులు పెద్దపిల్లల దవడపళ్లను రాత్రంతా కనిపెట్టి చూస్తే, అవి పొద్దుపోయాక మొదలుకొని అర్ధరాత్రి ప్రాంతం దాకా పైకి కదిలి, తెల్లవారుజామున ఆగాయి. అవి శాశ్వత దంతాలు. పాలపళ్లకూ అదే న్యాయం అంటగట్టడం వ్యాఖ్యాత చాపల్యం.

వాగ్భటుడు అష్టాంగహృదయంలో, పళ్లు రావడం సకల రోగాలకూ కారణమన్నాడు. పన్ను వచ్చాక ఆ బాధలు వాటంతటవే పోతాయి గనుక బిడ్డను అతిగా కట్టడి చెయ్యవద్దనీ అన్నాడు. మన ఇళ్లలో మొదటి సగమే కంఠస్థం. జ్వరమొస్తే పన్నుజ్వరం, విరేచనాలైతే పన్నువిరేచనాలు. 100.4 ఫారెన్‌హీట్ తాకిన జ్వరాన్ని పన్ను ఖాతాలో వెయ్యరాదు, డాక్టరుకు చూపించాల్సిందే. చిగుళ్లకు రాసే బెంజోకెయిన్ జెల్లు రెండేళ్లలోపు పిల్లలకు కూడదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. తడిపి ఫ్రిజ్‌లో పెట్టిన శుభ్రమైన గుడ్డ చప్పరించనిస్తే చాలు. పై పళ్లు ముందొస్తే మేనమామకు గండమని నాయనమ్మ పాఠం. మేనమామ ఆమె కొడుకు కాడని గమనించునది.

జెర = ఇక్కడ అల్పార్థకం కాదు; అరగంటకు తక్కువ లేదు. పాలు = రాత్రి తల్లి ఒంట్లో ప్రొలాక్టిన్ పగటికంటే ఎక్కువ; అందువల్ల రాత్రి తాగించే పాలే మర్నాటి పాలకూ ఊతం. పండుకుంటడు = భవిష్యదర్థకం. ఆశార్థకమని కొందరు.

తాత్పర్యం: ఓ నాథా! చెయ్యి స్విచ్చి మీద నుంచి తీయుము. పాలూ, పన్నూ, నిద్రా చీకట్లో తమ పని తాము చూసుకోగలవు. నీకంతగా ఉబలాటముంటే, డైపర్ల కట్ట ఎక్కడుందో తడుముకొని అందింపుము.

విశేషం: పన్ను బయటపడ్డాక చక్కెర కలిపిన పాలసీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చరాదు. నిద్రలో లాలాజలం తగ్గుతుంది, తీపి పన్ను మీదే నిలుస్తుంది, వచ్చిన పన్ను వచ్చినట్టే పుచ్చుతుంది.

పాఠాంతరం: తొమ్మిదో నెల ప్రతిలో "లైటెయ్యుండ్రి, కరిచిండు" అని కనిపిస్తుంది. అప్పుడు కూడా ట్యూబ్‌లైటు అక్కర్లేదు, బిడ్డను లాగేయనూ కూడదు. చిటికెన వేలు నోటి మూల నుంచి చిగుళ్ల మధ్యకు జొనిపితే పట్టు వదులుతాడు. తండ్రి చిటికెన వేలైతే ముందు గోరు తీసుకోవాలి.