పథ్యం ఇంట్లో, పానీపూరి బంగారుపేటలో

కోలారు జిల్లాలో షుగరు లేని మగవాళ్ళు రెండు రకాలు. పరీక్ష చేయించుకోనివాళ్ళు, చేయించుకుని రిపోర్టు బీరువాలో దాచినవాళ్ళు. డాక్టరుకు దొరికిపోయినవాళ్ళది మూడో రకం. వీళ్ళకు తిండి చార్టు రాసిస్తారు. ఆసుపత్రి గేటు దాటేలోపే అది భార్య చేతిసంచిలోకి పోతుంది. జబ్బు ఆయనది, పూచీ ఆమెది.

మాది రాగుల సీమ. సంగటి, అనపకాయల కాలమైతే పితికిపప్పు, కాకుంటే ఉలవచారు. వంక పెట్టే తిండి కాదు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరం అనగానే మావాళ్ళు మీసం దువ్వారు. "తాతల కాలం నుంచి తింటా ఉండాం, వీళ్ళకిప్పుడు తెలిసింది" అన్నారు. నిజమే. తాత తిన్న ముద్ద ఎంత ఉండేదో మనవడికి బాగా గుర్తుంది. తిన్నాక తాత ఎక్కడికి పోయేవాడో మాత్రం మరిచిపోయాడు.

తాత చాంపియన్ రీఫ్ బంగారు గనిలోకి దిగేవాడు. మూడు కిలోమీటర్లకు పైగా లోతు, చెయ్యి పెడితే కాలే రాయి. తలకాయంత ముద్ద తిన్నా షిఫ్టు ముగిసేలోగా కరిగిపోయేది. (ఊపిరితిత్తుల్లో చేరిన రాతిదుమ్ము కరగలేదు. దానికి ఏ చార్టూ లేదు.) 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ముద్ద సైజు మాత్రం చెక్కుచెదరలేదు. మనవడు తెల్లవారకముందే మారికుప్పంలో రైలెక్కి, బెంగుళూరులో ఏదో ఆఫీసు గేటు దగ్గర పొద్దంతా కుర్చీలో కూర్చుని, రాత్రికి ఇల్లు చేరి తాత కొలతకే ఓటేస్తాడు. అడిగితే "రాగి కదన్నా, షుగరుకు మంచిది" అంటాడు. క్యాల్షియం మెండు, పీచు ఉంది, ఒప్పుకుందాం. కానీ నూరు గ్రాముల రాగుల్లో ఇంచుమించు డెబ్బై గ్రాములు పిండిపదార్థమే. పైగా సంగటి నమిలేది కాదు, మింగేది. మెత్తటి పిండి ముద్దలు రెండు గుటుక్కుమన్నాక తెల్లన్నమా, రాగిముద్దా అని రక్తం కులం అడగదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఒక పళ్ళెం లెక్క చెప్పింది. రోజుకు 2000 కేలరీలు చాలే మనిషికి ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400. మావాడు రెండంకెలనూ గౌరవించాడు, కాకపోతే తారుమారు చేశాడు. కోలారు మార్కెట్టు నుంచి టమాటా లారీలు దేశం నలుమూలలకూ పోతాయి గానీ పండించినాయన పళ్ళెంలోకి కూర గరిటెడు మించి రాదు. "ఆకులు మెయ్యడానికి నేనేమన్నా మేకనా?" ఉప్పు 5 గ్రాములు దాటొద్దన్నారు, ఊరగాయ ఆ లెక్కలోకి రాదని మావాడి గట్టి నమ్మకం. గింజలు 35 గ్రాములన్న నియమం ఒక్కటి తు.చ. తప్పకుండా పాటిస్తాడు, రాత్రి క్వార్టరు పక్కన వేయించిన వేరుశనగల రూపంలో.

గనులు నడిచిన రోజుల్లో షిఫ్టు దిగివచ్చే కూలీని తడిమి చూసేవాళ్ళు, బంగారం బయటికి పోకుండా. ఇప్పుడా డ్యూటీ ఇల్లాలిది. చొక్కా జేబులో బేకరీ చీటీ, మీసంలో ఇరుక్కున్న ఒక్క కారాబూందీ పలుకు, ఏదీ ఆమె కన్ను తప్పించుకోదు.

"ఏమయ్యా, బంగారుపేటలో దిగితివా?"

"రైలు నిలిచింది, దిగితిని."

"ఏం తింటివి?"

"నీళ్ళు తాగితిని."

అబద్ధమని కొట్టిపారేయలేం. బంగారుపేట పానీపూరి నీళ్ళు మిగతా ఊళ్ళలోలాగా పచ్చగా ఉండవు, మంచినీళ్ళంత తేటగా ఉంటాయి. పెళ్ళైన మగవాళ్ళ కష్టం తెలిసిన మహానుభావుడెవడో కనిపెట్టి ఉంటాడు. చొక్కాకు మరక కూడా అంటదు.

ఆదివారం "పనుంది" అని ముళబాగల్ పోతాడు. అక్కడి పని మందంగా, బయట కరకరలాడుతూ, లోపల మెత్తగా, నెయ్యి కారుతూ ఉంటుంది. చట్నీతో వడ్డిస్తారు.

మూడు నెలలకు మళ్ళీ రక్తపరీక్ష. షుగరు తగ్గలేదు, నడుము చుట్టూ ఇంకాస్త పెరిగింది. డాక్టరు కోపం ఆమె మీద.

"ఏమమ్మా, రాసిచ్చినట్టు వండడం లేదా?"

"గట్టిగా చెప్పండి సార్" అన్నాడు పక్కన కూర్చున్న పేషంటు.

ఆమె పాపం చార్టులో ఉన్నది ఉన్నట్టే వండింది. ఆయన ముట్టని సొరకాయ కూర, మొలకెత్తిన పెసలు, బయట తినొచ్చిన రోజుల్లో చిన్న ముద్దలో మిగిల్చిన సగం, పారేయడానికి మనసొప్పక తనే తినింది. డాక్టరుకు ఏం తోచిందో, "ఒకసారి ఆ మిషనెక్కమ్మా" అన్నాడు. నాలుగు కిలోలు తగ్గింది. బీపీ కూడా దారికొచ్చింది.

ఆయన మిషను ముల్లు వైపు వంగి చూసి, దొంగ దొరికినంత సంబరంగా లేచాడు.

"చూస్తిరా సార్? నా పథ్యమంతా ఈమే తినేస్తా ఉంది!"