మల్లికా కనకాంబర వాక్యమునకు టీకా తాత్పర్యములు

మూలము: “ఏమ్మా, మల్లిచెట్టుకు నీళ్లు ఆపి కొట్టించు. కనకాంబరానికి మాత్రం ఆపొద్దు. దానిది ఎండ, దీనిది నీడ.”

అవతారిక: మార్గశీర్షమాసమున, పుంగనూరు పోవు బస్సునకు వేళ మీఱుచుండగా, మదనపల్లెలో ఒక అత్తగారు గడప దాటుచు కోడలికి చేసిన యుపదేశమిది. రవీంద్రనాథ ఠాకూరంతవాడు 1919లో వచ్చి, ఇచటి దివ్యజ్ఞానసమాజమువారి కళాశాలయందు విడిసి, తన జనగణమనగీతమునకు ఆంగ్లరూపమును దిద్దుకొన్న యూరిలో, ఒక పెరటివాక్యమునకు తెలుగున టీక యైనను లేకుండుట లోపమని తోచి ఈ రచనకు పూనుకొంటిమి. వాక్యము వ్యాకరణమునకు సులభముగనే లొంగును. లొంగనిది దాని యభిప్రాయము. ఒక చెట్టును దప్పికకు మాడ్చి, మాడినదానిని మఱల నరికించి, పిదప పూవులిమ్మని దానినే అడుగుటయు, ప్రక్కనున్న వేఱొకదానిని మాత్రము తడి యాఱకుండ కాపాడుటయు ఒకే పెరటిలో ఒకే కోడలు చేయవలసిన పనులగుట ఎట్లు పొసగునని శంక.

టీక: “మల్లిచెట్టుకు” అనగా గుండుమల్లెకు అని గ్రహింపవలెను, జాజులును అడవిమల్లెలును ఇచట వివక్షితములు కావు. వృక్షశాస్త్రమునకు స్వీడను దేశపు భాష్యకారుడైన లిన్నేయసు 1753లో ఈ మొక్కను పారిజాతముతోబాటు ఒకే గణమున చేర్చెను. రెండును చీకటిపడిన పిదప పరిమళించునవే గనుక ఆ భ్రాంతి క్షంతవ్యము. తరువాతివారు దానిని దిద్దిరి. హార్సిలీ కొండకు ఏనుగు మల్లమ్మ కొండ యను పేరు కలదు గదా, కావున ఈ సీమలో మల్లెదే యగ్రపూజ యని ఎవరైన వాదింపవచ్చును. ఆ మల్లమ్మను ఏనుగులు సాకినవని కథ చెప్పునేగాని, ఆమె మల్లెతోట వేసినదని ఎచ్చటను చెప్పలేదు. ఆ ప్రమాణము చెల్లదు.

“నీళ్లు ఆపి”: ఇచ్చటనే పూర్వపక్షి లేచును. పూవు కావలెనన్న చెట్టునకు నీరు పోయవలెను. ఆపుమనుట ప్రత్యక్షవిరుద్ధము గదా యని యతని వాదము. సమాధానము: గుండుమల్లె ముదురుకొమ్మకు పూయదు, క్రొత్తగా వెడలిన చివురు కొనలయందే మొగ్గ తొడుగును. వానలు వెనుకబట్టిన తరువాత నీరు మానినచో చెట్టు పెరుగుట చాలించి విశ్రమించును. నవంబరు కడపటినుండి జనవరిలోపల దానిని నేలకు మూరెడెత్తున నిలిపి కత్తిరించి, మిగిలిన యాకును దూసివైచి, మొదలు త్రవ్వి ఎరువు పెట్టి, అప్పుడు నీరు కట్టినచో, ఇంతకాలము బిగబట్టుకొనియున్న చేవ యంతయు చివుళ్లై పొడుచును. మార్చి మొదలుకొని జూను దాక మొగ్గకు కొదువయుండదు. కత్తెర తగులని మల్లె ఆకులతో ఏపుగా పెరిగి, దారిన పోవువారిచే పొగడ్తలు పొంది, ఇంటివారి జడలకు మాత్రము పనికిరాకపోవును.

“కొట్టించు” అను ప్రేరణార్థకము సాభిప్రాయము. కొట్టుమని చెప్పినచో కోడలు కత్తి పట్టి చెట్టుచుట్టు తిరిగి, పచ్చనాకును చూచి జాలిపడి, కొనలు మాత్రము గిల్లి విడుచును. ఆ చెట్టుతో పరిచయము లేని కూలిమనిషిచేతనే ఈ పని సక్రమముగ జరుగునని అత్తగారి యనుభవము.

ఎరువు మూలమున చెప్పబడలేదు, అధ్యాహారము చేసికొనవలెను. బస్సు పుంగనూరునకే పోవుచున్నది గావున ఆ యూరి యావు ఇచట స్మరణకు వచ్చును. మీటరెత్తునకు అందని ఆ పొట్టి గోవు వేయు పేడ తోటకు చాలునా యని శంకింపరాదు. ఇది పెరడు, తోట కాదు.

“కనకాంబరానికి మాత్రం ఆపొద్దు”: “మాత్రం” అనుటలో గొప్ప గూఢార్థము కలదు. మదనపల్లె సముద్రమట్టమునకు దాదాపు 700 మీటర్ల యెత్తున నున్నది. మార్గశిరపు రాత్రులు చలి పుట్టించును. కనకాంబరమునకు చలి గిట్టదు. సంవత్సరము పొడవున పూయునదే యైనను ఈ దినములలో కంకులు పలుచనై, చెట్టు ముడుచుకొని యుండును. ప్రక్కన మల్లెకు నీరాపిన చేయి, పూయుటలేదను సాకున దీనికిని ఆపివేయును. ఆ యతివ్యాప్తిని వారించుటకే “మాత్రం” ప్రయోగింపబడినది. ఆపవద్దనుటచే మొదట మడుగు కట్టుమని యర్థము చెప్పరాదు. నిలువనీటిలో దీని వేరు కుళ్లును.

ఈ పూవు స్వరూపము కొంచెము చెప్పవలసియున్నది. ఇది అడ్డసరపు కుటుంబమునకు చెందినది. ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న పచ్చని రెక్కల కంకినుండి, సన్నని గొట్టము వెలికి వచ్చి, దాని కొనయందు పూరేకు ఒక్కప్రక్కకే విసనకఱ్ఱవలె విచ్చుకొనును. పై రేకు లేనేలేదు. కంకి అడుగునుండి పైకి వరుసగా విచ్చుచుపోవును గావున దినము విడిచి దినము కోసికొనవచ్చును. పూత ముగిసిన కంకిని త్రుంచనిచో అది గింజ కట్టుటలో నిమగ్నమగును. ఎండిన కాయపై వానచినుకు పడగనే టప్పున పగిలి గింజలు దూరముగా ఎగురును. అట్లు తనంతట మొలచిన పిలకలతో పెరడు నిండుట కలదు. ఢిల్లీ కనకాంబరమను రకమునకు గింజ పట్టదు, కొమ్మ నాటియే పెంచవలెను. పరిమళ మేరకమునకును లేదు.

ఇక ఈ రెండింటి స్వభావములను గూర్చి లోకమున నున్న యభిప్రాయమును ఖండింపవలసియున్నది. మల్లె గారాబుదనియు, కనకాంబరము ఏమియు కోరని సాధుజీవియనియు అందఱు చెప్పుదురు. ఇది పై చూపు మాత్రమే. మల్లెకు బాధ కలిగినచో వెంటనే చాటుకొనును: పురుగు తొలిచిన మొగ్గ ఊదావన్నెకు తిరిగి రాలును, నల్లి పట్టిన యాకు పాలిపోవును, ఇనుము చాలనిచో ఈనెలు పచ్చగను నడుమ పసుపుగను కనబడును. చూచినవాడు మందు వేయును, చెట్టు కోలుకొని ఏండ్లకొలది బ్రతుకును. కనకాంబరమునకు శత్రువు నేలలోపల నుండును. కంటికానని నులిపురుగులు వేరును కొఱుకుచుండ, వాటి వెంట వడలు తెగులు ప్రవేశించుచుండ, పైన మాత్రము పూవులు కొంతకాలము పూయుచునే యుండును. ఒకనాటి యుదయమున చెట్టు తల వాల్చును. అంతట ఎన్ని బిందెలు పోసినను ఫలము లేదు. నాటునప్పుడే గుంటలో వేపపిండి వేయుటయు, ఆ మడిలో ముందుగ బంతి పెంచుటయు దీనికి చికిత్సలు. బంతివేరు నులిపురుగులకు సరిపడదు. కావున ఎక్కువ శ్రద్ధ చూపవలసినది అడుగని చెట్టునందే యని మా మతము. “ఆపొద్దు” అను నిషేధము అత్తగారి నోట గద్దించినట్లు వెలువడుటకు కారణ మిదియే.

“దానిది ఎండ, దీనిది నీడ”: మల్లెకు పూర్ణాతపము, కనకాంబరమునకు మునగచెట్టు క్రింది జల్లెడనీడ. అయితే తమిళ కన్నడ సీమల సంధియందున్న కుప్పము పాఠమున ఈ రెండవ భాగము కానరాదు. అచటి రైతులు కనకాంబరమును ఎఱ్ఱనేలలో బయలున వరుసలు కట్టి పెంచుచుండుటయే పాఠలోపమునకు హేతువు. విరోధ మేమియు లేదు. చేనిలో నీటిపారుదల తప్పదు. పెరటిలో కోడలు మఱచుటకు నవకాశము కలదు. మఱచిననాడు చెట్టును కాచుటకే నీడ విధింపబడినది. కుప్పములో అత్తగారు లేరని కాదు, అచట ఆమె స్థానమున బోరు మోటారు కలదని భావము.

తాత్పర్యము: మల్లెను శిక్షింపుము, కనకాంబరమును కనిపెట్టియుండుము.

విశేషము: మల్లెను మొగ్గగనే ప్రొద్దుటిపూట కోయవలెను; అది సాయంకాలము జడలో విచ్చును. కనకాంబరమును విచ్చిన పిదపనే కోయవలెను. అది మఱునాటికిని వాడదు. పూవును మొగ్గను అరటినారపై ఒక ముడికొకటిగ చేర్చి, నడుమ మరువము పెట్టి కదంబము కట్టుదురు. రంగు దీనిది, వాసన దానిది. అమ్మునపుడు కొలత మూర. ఎవరి మోచేయి ప్రమాణమనుటలో అమ్మునామె చేయియే యని యాచారము స్థిరపడినది. మూర ముగిసిన తరువాత తెంపు కొసరు విషయమున మాత్రము, అది నిత్యమని కొనువారును, వైకల్పికమని అమ్మువారును వాదించుచున్నారు.