బావగారి కార్డు

తెలుగు కుటుంబాలలో పెద్దల్లుడికి అలిగే హక్కు, మొదటి పంక్తిలో భోంచేసే హక్కు అనాదిగా ఉన్నవే కాగా, మామగారి కారు నడిపే హక్కు ఈమధ్య వాటికి తోడయింది. ఈ హక్కును వినియోగించుకోవడానికి డ్రైవింగ్ లైసెన్సు అనే పత్రం ఉండాలని బావగారికి తెలియకపోలేదు గాని, అందుకోసం పదిమందితో పాటు వరుసలో నిలబడటం తన హోదాకు తగదని ఆయన నిశ్చితాభిప్రాయం. గ్యాసు బండ మొదలు శ్రీవారి దర్శనం దాకా ప్రతిదానికీ ‘మనవాడొకడున్నాడు’ అనే ఈ కోవ మనిషికి, రవాణా కార్యాలయం ఎదుటి జిరాక్సు దుకాణంలోనూ ఒక మనవాడు ఉంటాడు. ఆ మనవాడు ఒక ఫోటో, కొంత సొమ్ము పుచ్చుకుని సాయంత్రానికల్లా నిగనిగలాడే కార్డును బావగారి చేతిలో పెడతాడు.

ఇంత చేసి, బావగారికి కారు నడపడం రాదా అంటే, అదీ కాదు. ఘాట్ రోడ్డు మలుపుల్లో ఆయన గేర్లు మార్చే తీరుకు, ఎవరినీ ఓ పట్టాన నమ్మని అత్తగారు సైతం వెనక సీట్లో గుర్రుపెట్టి నిద్రపోతారు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ఆయన చేయవలసిందల్లా, జనం ఎల్.ఎల్.ఆర్. అని పిలుచుకునే శిక్షార్థి లైసెన్సు తీసుకుని, 30 రోజులు ఆగి, దాని ఆరు నెలల గడువు తీరేలోగా ఇన్‌స్పెక్టరు ఎదుట బండిని ముందుకూ వెనక్కూ నడిపి చూపించడమే. ఒక తరగతి వాహనానికి కేంద్ర నియమాలు విధించిన రుసుములన్నీ కూడినా వెయ్యి రూపాయలు కావు. మనవాడికి ముట్టింది అంతకు ఎన్నో రెట్లు. అయినా బావగారి లెక్కలో అది డబ్బు సంగతి కాదు. తనకంటే వయసులో చిన్నవాడైన ఇన్‌స్పెక్టరు తనకు పరీక్ష పెట్టడమేమిటన్నదే ఆయనను బాధించే విషయం.

పర్సులోని ప్లాస్టిక్ అర వెనుక నుంచి ఒక్క క్షణం తళుక్కుమనే ఈ కార్డును తీరిగ్గా చదివే అవకాశం బావమరుదులకు తప్ప ఎవరికీ దక్కదు. లైసెన్సు నంబరులో రాష్ట్రానికి, కార్యాలయానికి చెందిన సంకేతాల తరువాత జారీ అయిన సంవత్సరం, ఆపై ఏడంకెల వరుససంఖ్య ఉంటాయి. బావగారు తలపండిన డ్రైవరుగా కనిపించాలన్న సదుద్దేశంతో మనవాడు అక్కడ 2008 అని వేయగా, దాని కిందనే పుట్టిన సంవత్సరం 1994 అని స్పష్టంగా ఉంటుంది. కారుకు 18 ఏళ్లు, గేర్లు లేని 50 సీసీ లోపు బండికైనా 16 ఏళ్లు నిండాలనే దేశంలో, బావగారు పద్నాలుగో ఏటనే కారుకు అర్హత సంపాదించారన్నమాట. ఈ సంగతి ఎత్తిన బావమరిదికి, అప్పట్లో రూల్సు వేరని ఆయన ఏమాత్రం తొణకకుండా సెలవిస్తారు. కార్డు డిజిలాకర్‌లో ఎందుకు కనిపించదన్న ప్రశ్నకు, సర్వర్ డౌన్ అనే సమాధానం ఏళ్ల తరబడి సిద్ధంగా ఉంటుంది.

ఈ తెలివితేటలపై చట్టం దృష్టి వేరు. లైసెన్సు లేకుండా నడపడం 181వ సెక్షన్ కింద నేరం. 2019 సవరణ తరువాత దానికి 5,000 రూపాయల జరిమానా గాని, మూడు నెలల వరకు ఖైదు గాని, రెండూ గాని విధించవచ్చు. కార్డే లేకుంటే వ్యవహారం అంతటితో ముగిసేది. కాని 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 340వ సెక్షన్, నకిలీ పత్రమని తెలిసీ దాన్ని అసలుదిగా చూపినవాణ్ణి తయారుచేసినవాడితో సమానంగా శిక్షించమంటుంది. మోసగించే ఉద్దేశంతో చేసిన ఫోర్జరీకి శిక్ష ఏడేళ్ల దాకా ఉంది. ఈ తేడాను బావగారు రొక్కమిచ్చి కొనుక్కున్నారు. ఒకసారి రెన్యువల్ అయితే అదే అసలుదైపోతుందని మనవాడు ఇచ్చే భరోసా కూడా చెల్లదు. గంగలో మునిగినా కాకి హంస కాదన్నట్లు, రెన్యువల్ చేసినంత మాత్రాన నకిలీ లైసెన్సు అసలుది కాబోదని సుప్రీంకోర్టు 2001లో కమల కేసులో తేల్చింది.

అన్నిటికంటే జాలిపడవలసింది మామగారి పరిస్థితికి. లైసెన్సు లేనివారికి బండి అప్పగించిన యజమాని మోటారు వాహనాల చట్టం 180వ సెక్షన్ కింద తానూ నేరస్థుడే. ప్రమాదం జరిగితే, 2004 నాటి స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం, లైసెన్సు నకిలీదన్న ఒక్క కారణంతో బీమా సంస్థ తప్పించుకోలేదు. యజమానికి ఆ సంగతి తెలుసునని, లేదా అతడు తగిన జాగ్రత్త తీసుకోలేదని నిరూపించాలి. అలా నిరూపిస్తే, బాధితుడికి ముందు చెల్లించిన పరిహారాన్ని తరువాత యజమాని నుంచి రాబట్టుకునేలా కోర్టు ఆదేశించవచ్చు. కనుక ఏమీ తెలియనట్లుండటమే క్షేమమని మామగారు పత్రికలో తలదూర్చి కూర్చుంటే, అల్లుడు ఆఫీసు గడప తొక్కకుండానే లైసెన్సు తెచ్చుకున్నాడని అత్తగారు ప్రతి పేరంటంలోనూ చాటుతుంటారు. సాక్షులకు కొదవేమీ లేదు.

అల్లుడి చేతికి తాళాలిచ్చే మామగార్లు కార్డు మీది నంబరును, పుట్టిన తేదీని పరివాహన్ పోర్టల్‌లో ఒకసారి కొట్టి చూసుకోవాలి. అలుగుతాడన్న భయం ఉన్నవారు, పండక్కి వచ్చిన అల్లుడు భోంచేసి కునుకు తీస్తున్నప్పుడు ఆ పని చేసుకోవచ్చు.