ఆదివారపు ఆటకు టీకా తాత్పర్యము

అవతారిక

మెదకుసీమవాడైన కోలాచల మల్లినాథసూరి కాళిదాస కావ్యములకు వ్యాఖ్య వ్రాయబూనినపుడు, ఆధారము లేనిదానిని వ్రాయననియు, అక్కఱ లేనిదానిని పలుకననియు ప్రతిన చేసెను. ఆ ప్రతినలో మొదటి సగమును ఈ వ్యాఖ్యాత శిరసావహించుచున్నాడు. రెండవ సగము మేఘసందేశమునకు వ్యాఖ్య చేసినవానికి చెల్లినది గాని, వాట్సాప్ సందేశమునకు వ్యాఖ్య చేయువానికి చెల్లదు. అక్కఱ లేనిదానిని విడిచినచో ఇట్టి టీకలో మిగులునది మూలమొక్కటియే గదా.

ఇక వస్తువు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను ఇరువురు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను ఆటను వెయ్యి ప్రతులు అచ్చొత్తించి లోకమునకు విడిచిరి. చదరంగములోవలె ఇందు రాజును కట్టివేయుట లేదు, ఒకరు గెలిచి ఒకరు ఓడుటయు లేదు. ఒకడు కథకుడై కూర్చుండును; వానిని డీఎం అందురు. తక్కినవారు తలకొక పాత్రను దాల్చి ఆ పాత్రకు తగినట్లు మాటాడుచు, ఆ పాత్రకు తగిన సాహసములు చేయుచుందురు. గుహద్వారము తెఱచుకొన్నదని డీఎం పలికినచో అది తెఱచుకొన్నట్లే; లోపలి రాక్షసునిపై దూసిన కత్తి తగులునో తగులదో తేల్చునది మాత్రము ఇరువది ముఖముల పాచిక. ఇట్టి కథ ఒక్క రాత్రితో ముగియక నెలలు, ఒక్కొక్కచో ఏండ్లు సాగును; దానికి క్యాంపెయిన్ అని పేరు. 1991 ఉప ఎన్నికలో పి.వి. నరసింహారావునకు అయిదు లక్షలకు మించిన ఆధిక్యము నిచ్చిన నంద్యాలలో ఆ మాట వినబడగానే జీపులును మైకులును స్ఫురించుట సహజమే యైనను, ప్రకృతమున ఆ అర్థము గ్రాహ్యము కాదు.

ఆటగాండ్రలో సగముమంది నంద్యాలలోను, సగముమంది ఆళ్లగడ్డలోను ఉన్నారు. నడుమ 40వ సంఖ్య జాతీయ రహదారి మీద దూరమును సుమారు 40 కిలోమీటర్లే. పగటిపూట అది గంట ప్రయాణము. కాని రాత్రి తొమ్మిదికి మొదలై అర్ధరాత్రి దాటి ముగియు ఆటకు పోయి, మఱునాడు ఉదయమే కాలేజీకో కొట్టుకో పోవలసినవానికి అది దేశాంతరమే. అందువలన సాఫ్టువేరు అవసరమైనది. అవసరమైన వెంటనే, ఏ సాఫ్టువేరు అను తగవు పుట్టినది. ఆ తగవును తీర్చుచు నంద్యాల డీఎం పంపిన సందేశమే ఇచ్చట మూలము.

మూలము

"రేయ్ మామా, ఆదివారం రాత్రి తొమ్మిదికి ఆట. ఆళ్లగడ్డోళ్లు ఆన్‌లైన్‌లోనే రాండి. యాప్ యాదైనా పర్లేదు, ఫ్రీ ఉంటే చాలు. పాచికలు ఎవురివి వాళ్లు ఏస్కోండి. నోట్స్ మాత్రం పోగొట్టాకండి."

ప్రతిపదార్థము

రేయ్ మామా = ఓ మిత్రులారా (జాత్యేకవచనము; సంబోధితులలో ఎవ్వడును వక్తకు మేనమామ కాడు, పిల్లనిచ్చినవాడును కాడు, కావున ఇది చనువు చేత వచ్చిన పిలుపు); ఆదివారం రాత్రి తొమ్మిదికి = భానువాసరమున భోజనానంతరము, తొమ్మిదిన్నరకు ముందు కాని వేళను; ఆట = పైన చెప్పిన కథాక్రీడ; ఆళ్లగడ్డోళ్లు = ఆళ్లగడ్డయందు వసించు ఆటగాండ్రు; ఆన్‌లైన్‌లోనే రాండి = దేహములను ఇంటనే యుంచి గొంతులను మాత్రము పంపుడు; యాప్ యాదైనా = పటమును చూపుటకు ఏ సాధనమును ఎన్నుకొన్నను; పర్లేదు = బాధ లేదు; ఫ్రీ ఉంటే చాలు = వెల లేకుండుట ఒక్కటియే వలసిన గుణము; పాచికలు ఎవురివి వాళ్లు ఏస్కోండి = ఎవరి పందెమును వారే వేసికొని, పడిన సంఖ్యను నిజముగ చెప్పుడు; నోట్స్ = జరిగిన కథకు లిఖితమైన స్మృతి; మాత్రం = తక్కినవన్నియు పోయినను సరే యని భావము; పోగొట్టాకండి = పోగొట్టకుడు.

ఇది గద్యము గనుక యతిప్రాసల చర్చ లేదు. క్రియలు సీమ వ్యావహారికమున నున్నవి. వాని సాధుత్వమును గూర్చి వైయాకరణులతో వాదమునకు వ్యాఖ్యాత సిద్ధముగా లేడు.

మొదటి శంక: యాప్ ఏదైనను సరే యనుట ఔదార్యమా, అలసతయా?

పూర్వపక్షులు మూడు తెగలవారు. మొదటివారు రోల్20 పక్షమువారు. 2012లో వెలసిన ఆ సాధనమునకు ఏదియు దించుకొనవలసిన పని లేదు. బ్రౌజరు తెఱచిన చాలును. గళ్ళ పటమును పఱచి, దానిమీద వీరులకు గుండ్రని బిళ్ళలు పెట్టి, ఇంకను చూడని గదులను నల్లని మసకతో కప్పి, ఎవడు తలుపు తీసిన వానికి ఆ గదిని మాత్రము వెలిగించి చూపవచ్చును. కాని ఆ పటమును, బిళ్ళలును, వీరుల బలాబలముల పట్టికలును అన్నియు ఆ సంస్థ యంత్రములలో నుండును. ఉచితముగ వాడుకొనువానికి బొమ్మలు దాచుకొను తావు మితము.

రెండవవారు 2020లో వెలువడిన ఫౌండ్రీ పక్షమువారు. డీఎం ఒక్కడు ఒక్కసారి వెల చెల్లించిన చాలును, తక్కినవారు ఊరక చేరవచ్చును. అంతకంటె గొప్ప గుణము, ఆటయంతయు డీఎం ఇంటి కంప్యూటరులోనే నడచును. గుణమన్నది ఎచ్చటనో దోషమన్నదియు అచ్చటనే: నంద్యాలలో కరెంటు పోయిన ఆళ్లగడ్డలో కత్తి ఎత్తిన వీరుడు ఎత్తినట్లే నిలిచిపోవును. మఱియు ఇంటర్నెట్టు కంపెనీలు పెక్కిండ్లను ఒకే చిరునామా క్రింద చేర్చుట వాడుక గనుక, వెలుపలి ఆటగాడు డీఎం కంప్యూటరు గడప కనుగొనుటకే ఒక రాత్రి పట్టును. మసక చాటున రాక్షసుడు నాటి రాత్రికి బ్రదికి బయటపడును.

మూడవవారు పటమే వలదని, డిస్కార్డులో గొంతులు వినబడిన చాలునని, ఎడమవైపున రెండు స్తంభములున్నవని డీఎం చెప్పగా మనసులోనే నిలుపుకొందమని వాదించు అద్వైతులు. వీరి మతము ఉత్తమమే గాని, యుద్ధము ముదిరినపుడు రాక్షసుడు ఏ స్తంభము వెనుక నున్నాడో ఒక్కొక్కరికి ఒక్కొక్క విధముగా తోచి, అద్వైతము బహుత్వమగును.

సమాధానము: ఈ మూడు పక్షములును తగవులాడుకొనునది ఒక్క రాత్రి అక్కఱను గూర్చియే. పటము ఆ రాత్రి యుద్ధముతో ముగియును. మఱుసటి ఆదివారమునకు వేఱొక గుహ, వేఱొక పటము. ఆళ్లగడ్డలో రాతి విగ్రహములు చెక్కు శిల్పులు ఎన్నియో ఉలులను అరగదీసి పాఱవేయుదురు. పోయి గుడిలో నిలుచునది విగ్రహము గాని ఉలి కాదు. కావున యాప్ ఏదైనను సరే యనుట అలసత కాదు, ఉలికిని విగ్రహమునకును గల భేదము నెఱిగిన వివేకము.

రెండవ శంక: వెల లేనిది చాలునా?

చాలదని కొందఱు. ఏలయన, వెల లేకుండుట వేఱు, యజమాని దయ అక్కఱలేకుండుట వేఱు. ఈ ఆట నియమములను ఇతరులును వాడుకొని క్రొత్త పుస్తకములు వ్రాసికొనుటకు 2000 సంవత్సరమునుండి ఒక బహిరంగ అనుమతిపత్రము చెలామణిలో నుండెను. 2023 జనవరిలో ఆట యజమానులైన విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ వారు ఆ పత్రమును కఠినతరముగ మార్చదలచుచున్నారను వార్త పొక్కగా, ఆటగాండ్రు భగ్గుమనిరి. ఎందఱో ఆ సంస్థవారి డీ అండ్ డీ బియాండ్ చందాలను మానుకొనిరి. ఆ నెల ముగియకముందే సంస్థ వెనుకకు తగ్గి, మూల నియమములను క్రియేటివ్ కామన్స్ లైసెన్సు క్రింద, మఱల లాగుకొన వీలు లేని విధముగ విడుదల చేసెను. ఇరువదేండ్లుగా ఉచితమైనది కూడ ఒకరి చేతిలో నున్నంతకాలము వారు మూయదలచిన మూయగలరనుటకు ఇది దృష్టాంతము.

సమాధానము: మూలములో 'ఫ్రీ' విశేషణము యాప్‌నకే గాని నోట్సునకు కాదని అన్వయింపవలెను. రేపు మూతపడినను నష్టము లేనిదానికి ఉచితమగుట చాలును. మూతపడరానిదానికి ఉచితమగుట చాలదు. వెలపెట్టి కొన్నంతమాత్రమున రక్షణయు లేదు.

మూడవ శంక: పాచికలు ఎవరివి వారు వేసికొన్నచో మోసమునకు తావు లేదా?

యాప్‌లో వేసిన పాచిక అందఱి తెరలమీదను దొర్లును. ఆళ్లగడ్డలో చాపమీద వేసినది వేసినవానికి మాత్రమే కనబడును. శకుని కథను ఇంటింట ఎఱిగిన దేశములో ఈ అనుమానము సహజము. కాని ఇచ్చట రాజ్యము పందెము కాదు. అబద్ధమాడి ఇరువది పడినదన్నవాడు రాక్షసుని చంపునేమో గాని, అటుపై ఏ ఆదివారమునందును వాని ఇరువదిని ఎవ్వరును మెచ్చరు. దీనికి ఇంతకుమించిన విచారణ వలదు.

నాలుగవ శంక: నోట్సునకు ఇంత గౌరవమేల?

ఇదియే మూలమునకు ప్రాణము. పటమును మఱల గీయవచ్చును, పాచికను మఱల వేయవచ్చును. నిరుడు ఏ గ్రామపెద్దకు ఏ మాట యిచ్చితిమో మఱచినచో ఆ కథను మఱల నడపుట బ్రహ్మతరము కాదు. బ్రహ్మ ప్రసక్తి వచ్చినది గనుక నంద్యాలవారికి ఒక ప్రమాణము చూపవలెను. పదునాఱవ శతాబ్దమున పింగళి సూరన తన కళాపూర్ణోదయమును అంకితమిచ్చినది నంద్యాల ప్రభువగు కృష్ణరాజునకే. ఆ ఎనిమిది ఆశ్వాసముల కావ్యములో కలభాషిణి రంభ రూపమును, మణికంధరుడు నలకూబరుని రూపమును దాల్చుదురు. అసలు రంభయు మాయారంభయు ఎదురెదురుగా నిలిచి కలహింతురు. బ్రహ్మ సరస్వతికి వినోదముగ చెప్పిన కథ లోకములో నిజముగ నడచును. చెప్పినది చెప్పినట్లు జరుగుట డీఎం పని గనుక, ఆ కావ్యములో బ్రహ్మను మొదటి డీఎం అనుట సాహసమే యైనను నిరాధారము కాదు. అట్టి కథను క్యాంపెయినుగా నడపువాడు ఏ రంభ ఏ ఆశ్వాసములో ఎవరితో ఏమి పలికినదో వ్రాసికొనకున్నచో మూడవ ఆదివారమునకే తానును మాయలో పడును.

ఇందుకు ఆధునికులు ఆబ్సిడియన్ వంటి సాధనములను వాడుదురు. అందు ప్రతి పాత్రకు ఒక పుట. మాయారంభ పుటలో రెండేసి చదరపు కుండలీకరణముల నడుమ కలభాషిణి పేరు వ్రాసిన, ఆ పేరు నొక్కగానే ఆమె పుట తెఱచుకొనును. ఆమె పేరు ఎక్కడెక్కడ వచ్చినదో ఆ పుటలన్నియు వరుసగ కనబడును. కాని దాని అసలు గుణము ఈ సొగసు కాదు. ఆ పుటలన్నియు మన కంప్యూటరులోనే సాదా అక్షరముల ఫైళ్ళై యుండును. రేపు ఆబ్సిడియన్ అంతరించినను ఏ నోట్‌ప్యాడ్‌తోనైనను వానిని తెఱచి చదువుకొనవచ్చును. ఇందుకు విపర్యయముగ, ఎందఱో ఆటగాండ్రు గూగుల్ ప్లస్‌లో కూడి ఏండ్ల తరబడి వ్రాసికొన్న చర్చలు 2019 ఏప్రిలులో ఆ సేవ మూతపడగా, ముందుగా దించుకొననివారికి దక్కకుండ పోయినవి. డిస్కార్డులో వ్రాసినదియు సంభాషణ వరదలో అడుగునకు పోవునే గాని, వెదకినవేళ సులభముగ ఒడ్డుకు రాదు.

సూరన కావ్యము మనకు దక్కిన త్రోవయు ఇట్టిదే. తాటాకు చివుకును, చెద తినును; కాని గంటము పట్టగలవాడు ఎవడైనను, ఎవరి అనుమతియు అడుగక, క్రొత్త ఆకుమీదికి ఎత్తి వ్రాయగలడు. ఈ రహదారిమీదనే ఆళ్లగడ్డ దాటి ముందుకు పోయినచో వచ్చు కడపలో సి.పి. బ్రౌను పండితులను కూర్చుండబెట్టి ప్రతులను సేకరించి, పోల్చి, శుద్ధప్రతులు వ్రాయించెను. తాటాకునకు పాస్‌వర్డు ఉండినయెడల బ్రౌను చేయగలిగినది ఏమియు లేదు.

విశేషాంశము

నోట్సు తెలుగులో వ్రాయువారు మఱియొక పరీక్ష చేయవలెను. గూగుల్ ఫాంట్లలో సూరన్న, పెద్దన, తిమ్మన, ధూర్జటి అను పేర్లతోనే తెలుగు ఖతులున్నవి గనుక అక్షరముల అందమునకు కొఱత లేదు. ఐనను కొన్ని సాధనములు తెరమీద చక్కగ చూపిన 'రాక్షసస్త్రీ'ని పీడీఎఫ్‌గా మార్చునపుడు ఒత్తులు విఱిచి, సకారమొక చోట, తకారమొక చోట పాఱవైచును. కత్తికి లొంగని రాక్షసస్త్రీని ఈ విధముగ సంహరించు యాప్ నోట్సునకు పనికిరాదు. కావున సాధనమును ఎన్నుకొన్న మొదటి రాత్రియే, పేరులో మూడు ఒత్తులున్న పాత్రను ఒకదానిని సృజించి, ఆ పుటను బయటికి దించి, నెట్టు తీసివేసి, వేఱొక ఫోనులో తెఱచి చూడవలెను. అక్షరములు చెదరక వచ్చినచో అటుపై కథ మొదలుపెట్టవచ్చును.

తాత్పర్యము

ఓ మిత్రులారా, పటము, పాచిక, గొంతు అనునవి ఆ రాత్రికి పనికివచ్చిన చాలును. వాని విషయమున పంతము వలదు. కథాస్మృతి మాత్రము సాదా అక్షరములలో, మన సొంత యంత్రములలో, నంద్యాలలో ఒక ప్రతి, ఆళ్లగడ్డలో ఒక ప్రతిగా ఉండవలెను. చేరుట ఎంత సులభమని అడిగి యాప్‌ను ఎన్నుకొనుడు. విడిచిపోవునపుడు ఏమి చేతికి వచ్చునని అడిగి నోట్సునకు తావు ఎన్నుకొనుడు.

ఈ సందేశమునకు ఆళ్లగడ్డనుండి ప్రత్యుత్తరముగ ఒక బొటనవ్రేలి బొమ్మ వచ్చినది. అది అంగీకారమా, చదివితినని తెలుపుటయా, ఆదివారము రాననుటకు మర్యాదయైన మాఱుమాటయా యను విషయమున ప్రాచీనులును నవీనులును భిన్నాభిప్రాయులు. దానికి వేఱొక వ్యాఖ్య వ్రాయవలసియున్నది.