ఇంటింటా ఉత్తరపారా

హిందుస్థాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీని 2014లోనే ఆపేశారు. మన రిటైర్డ్ పెద్దమనుషులు మాత్రం పోర్టికోల్లో ఇంకా తయారుచేస్తూనే ఉన్నారు. బండి ఇటుకల మీద, డోర్లు డాబా మీద, కార్బురేటర్ డైనింగ్ టేబుల్ మీద. తుప్పు పట్టిన బోల్టులు ఇడ్లీ గిన్నెలో కిరసనాయిలు తాగుతూ పడుకుంటాయి. ఇంటావిడ ఉప్మాకు అలవాటు పడిపోయింది.

‘ఎప్పటికి అవుతుందండీ?’ అని అడిగారో, అయిపోయారే! మోరిస్ ఆక్స్‌ఫర్డ్ దగ్గర మొదలెట్టి మొత్తం వంశవృక్షం చెబుతారు. అంతా ఒరిజినలేనట. ఇంజిన్ వేరే కంపెనీది, సీట్లు మారుతీవి, హారన్ లారీది. ఒరిజినల్‌గా మిగిలింది తుప్పొక్కటే, దాన్నీ ఉప్పు కాగితంతో రుద్దేస్తున్నారు పాపం.

ఇక 2021లో కేంద్రం వింటేజ్ బండ్లకు నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటాలి. చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20 వేలు కడితే నెంబర్‌లో ‘వీఏ’ అనే బిరుదు దక్కుతుంది. ఇంజిన్ సంగతి ఆర్టీవో ఆఫీసులో ఎలా చెప్పాలా అని పెద్దాయన రిహార్సల్స్ వేసుకుంటున్నారు.

ఆ బిరుదు వచ్చాక మాత్రం రోజువారీ తిరుగుళ్లు కుదరవు. ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతుకు మాత్రం రోడ్డెక్కవచ్చు. నిబంధన రాసినాయన ఇంట్లోనూ ఇలాంటి బండి ఒకటి ఉండే ఉంటుంది!