ఎఫ్1 సూత్రము: టీకా తాత్పర్య సహితము

మూలము

పాత ఫైలును తీసివేయకుము. సేవ్ నొక్కి, బొమ్మలో చూపిన తోవన పొమ్ము. సందేహమున్నచో ఎఫ్1 నొక్కుము.

అవతారిక

గ్రంథము: ఒకానొక స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు వాడుకరి మార్గదర్శిని. కర్త: ఒక్కడు కాడు, దేశదేశాల్లో ఉన్న అనేకులు, ఒకరి ముఖం ఒకరు ఎరుగనివారు. శ్రోత: రాయపూరు గోల్‌బజారు దగ్గర చాయిస్ సెంటరు అనే దరఖాస్తుల కేంద్రంలో కూర్చున్న కుర్రవాడు. వీడు వచ్చినవాళ్ళతో ఛత్తీస్‌గఢీలో మాట్లాడి, దరఖాస్తు హిందీలో నింపి, తెర మీద మెనూ ఇంగ్లీషులో చదివి, ఇంటినుంచి ఫోనొస్తే "వచ్చేస్తన్నానమ్మా" అని విజయనగరం యాసలో జవాబిస్తాడు. పార్వతీపురం నుంచి రాయపూరుకు రైలుమార్గం 1931లో పూర్తయింది. అందుకే రాయపూరులో తెలుగు మాట వినిపిస్తే ఎవరూ తల తిప్పి చూడరు. ఇటువంటి శ్రోతకు ఏ భాషలో చెప్పవలెనను శంక కలుగగా, అన్నిటిలోను చెప్పవలెనని సిద్ధాంతము. చెప్పడం ఒక ఎత్తు. చెప్పినదాన్ని కాపాడుకోవడం ఇంకో ఎత్తు. ఈ టీక రెండోదాని కోసం.

ప్రతిపదార్థము

పాత = పూర్వపుదైన; ఫైలును = దస్త్రమును; తీసివేయకుము = తొలగింపకుము.

ఇక్కడ కాసేపు కూర్చోవాలి. కిందటి విడుదల దాకా ఈ వాక్యం "పాత ఫైలును తీసివేయుము" అనే ఉందనుకోండి. తర్వాత ప్రోగ్రాము తీరు మారింది, పాత ఫైలు ఉంటే తప్ప పని జరగదు. ఇంగ్లీషు మూలంలో రెండు చిన్న మాటలు చేర్చారు, అంతే. ఇప్పుడు గెట్‌టెక్స్ట్ రంగంలోకి దిగుతుంది. గ్నూ ప్రాజెక్టు 1995లో బయటపెట్టిన పనిముట్టు ఇది. ఇప్పటికీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు అనువాదాలు చాలావరకు దీని భుజాల మీదే నడుస్తున్నాయి. ఇది వాడే పీఓ ఫైలులో మూలవాక్యం పైన, అనువాదం కింద ఉంటాయి. కొత్త మూలాన్ని పాత అనువాదంతో కలిపే ఎంఎస్‌జిమెర్జ్ అనే యంత్రం ఈ వాక్యాన్ని చూసి, ఇంచుమించు ఇలాంటిదే పాతది ఒకటుందే అనుకుని, ఆ పాత తెలుగునే తెచ్చి కింద పెడుతుంది. పైన తీసేయవద్దని, కింద తీసేయమని! యంత్రానికి అర్థం తెలియదు గాని బుద్ధి ఉంది: పక్కనే "ఫజీ" అని ఒక గుర్తు వేస్తుంది. ఆ గుర్తు ఉన్నంతకాలం ఆ అనువాదం వాడుకరి కంట పడదు. దాని చోట ఇంగ్లీషు వాక్యమే కనబడుతుంది.

శంక: చక్కని తెలుగు పేజీ నడుమ ఈ ఇంగ్లీషు వాక్యమేల? అనువాదకులు సగంలో వదిలి పారిపోయిరా?

సమాధానము: కాదు. మూలం మారింది, తెలుగు ఇంకా మారలేదు అని ఆ వాక్యం ఒప్పుకుంటోంది. అర్థం కాని ఇంగ్లీషు చదివి ఎవరూ ఫైలు తీసేయరు, పక్కవాణ్ణి అడుగుతారు. అర్థమయ్యే తెలుగు చదివితే మాత్రం నిశ్చింతగా తీసేస్తారు. పాతబడిన అనువాదం కంటే అనువాదం లేకపోవడమే మేలని నా పక్షం. దీని మీద వాదానికొచ్చే పండితులు ముందు తమ ఫైళ్ళకు నకళ్ళు తీసి పెట్టుకుని రావలెను.

అయితే ప్రమాదమంతా శాతాల పట్టిక దగ్గరుంది. ఏ భాష ఎంతవరకు వచ్చిందో రంగుల గీతలతో చూపే పట్టిక ఒకటుంటుంది. ఫజీ వాక్యాలు దాంట్లో పూర్తయినవాటి కింద లెక్కకు రావు. విడుదల ముందు రాత్రి, మన భాష వందకు కాస్త దూరంలో ఆగిపోయిందే అన్న అభిమానంతో, చదవకుండానే ఆ గుర్తులన్నీ ఊడబీకే భాషాభిమానులుంటారు. తెల్లారేసరికి వందకు వంద. గోల్‌బజారులో ఫైళ్ళు గల్లంతు.

పాఠాంతరము: ఎంఎస్‌జిమెర్జ్‌కు "ప్రీవియస్" అను ఆజ్ఞ నొసగినచో, పాత మూలవాక్యమును కూడ వ్యాఖ్యగా నిలిపి ఉంచును. ఏది మారిందో రెంటినీ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. తాళపత్రాలు ముందేసుకుని పాఠాలు సరిచూసిన మన పరిష్కర్తలు ఈ ఏర్పాటు చూస్తే ముచ్చటపడేవారు.

సేవ్ = భద్రపరచుట యను మీట. ఇది ప్రోగ్రాములో ఎలా కనబడుతుందో పుస్తకంలోనూ అలాగే ఉండాలి. ప్రోగ్రామును ఒకరు, పుస్తకాన్ని ఇంకొకరు తెలుగు చేస్తే, పుస్తకంలో చెప్పిన మీట తెర మీద ఎంత వెతికినా దొరకదు. వైయాకరణులు రెండు రూపాలూ సాధువులే అంటారు. మీట దొరకనివాడికి సాధుత్వమెందుకు?

బొమ్మలో చూపిన తోవన = స్క్రీన్‌షాటును అనుసరించి. బొమ్మలకు చాలాచోట్ల ఫజీ గుర్తు లేదు. మాట మారితే యంత్రం పట్టుకుంటుంది. అలాంటి చోట బొమ్మ మారితే మనిషే పట్టుకోవాలి, పట్టుకోడు. అందుచేత మూడు విడుదలల కిందటి ఇంగ్లీషు కిటికీ తెలుగు పేజీలో దర్జాగా వేలాడుతూ ఉంటుంది. వీలైతే బొమ్మలు తగ్గించుడని ఉపదేశము.

కర్తృవిశేషము

ఈ దేశంలో ఛత్తీస్‌గఢీకి ఇటువంటి అనువాదపు పని తలకెత్తుకున్నవారు రవిశంకర్ శ్రీవాస్తవ. హిందీ లోకం ఆయన్ని రవి రతలామీ అంటుంది. విద్యుత్ మండలిలో ఇంజనీరుగా పనిచేసినవారు. హిందీలో చేయి తిరిగాక, కెడిఈ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు డెస్క్‌టాప్‌ను ఛత్తీస్‌గఢీలోకి తెచ్చారు. 2007 నవంబరు 28న రాష్ట్ర శాసనసభ ఛత్తీస్‌గఢీకి రాజభాష హోదా ఇచ్చింది. 2011 జనాభా లెక్కల్లో మాత్రం ఈ భాష మాట్లాడే 1 కోటి 62 లక్షల మందిని హిందీ పద్దులోనే కలిపి రాశారు. సాఫ్ట్‌వేరులో అలా కాదు: "హెచ్ఎన్ఈ" అనే మూడక్షరాల గుర్తుతో ఛత్తీస్‌గఢీకి తన ఫైళ్ళు తనకున్నాయి.

ఇక మూలం సంగతి: అది మారుతూనే ఉంటుంది. కెడిఈ 4 వచ్చింది 2008లో. ఆ డెస్క్‌టాపే 2014లో ప్లాస్మా 5, 2024లో ప్లాస్మా 6 అయింది. మెదకు సీమ కొలిచెలమవాడైన మల్లినాథసూరి రఘువంశానికి సంజీవని రాసి సుఖంగా ఉన్నాడంటే, కాళిదాసు మళ్ళీ వచ్చి సర్గలు అటూ ఇటూ మార్చలేదు గనుక. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ఆయన ప్రతిజ్ఞ. మన టీకాకారుడూ ఆ ప్రతిజ్ఞే పట్టాడు పాపం, నిన్న మూలంలో ఉన్నది ఇవాళ ఉండదు. విడుదలకు కొన్ని వారాల ముందు మూలవాక్యాలను ఎవరూ ముట్టుకోకూడదని ప్రాజెక్టుల్లో ఒక కట్టడి ఉంది. ఆ కాస్త వ్యవధే అనువాదకుల చాతుర్మాస్యం. ఒక భాషకు ఒక్కరే దిక్కయిన చోట, ఆ వారాల్లో ఆ ఒక్కరికి జ్వరం రాకుండా ఉండాలి.

ఇక సూత్రములోని కడపటి మాట: సందేహమున్నచో ఎఫ్1 నొక్కుము = సంశయము కలిగినచో సహాయగ్రంథమును తెరువుము. గ్రంథమే సంశయహేతువైనచో? తప్పుందని తెలియజేయుటకు వేరొక ద్వారము కలదు. ఆ ద్వారం దగ్గర మాట్లాడవలసిన భాష ఇంగ్లీషు: ఏ పేజీ, ఏ విడుదల, ఏం జరిగింది, ఏం జరగాలి, అన్నీ వివరంగా. మా కుర్రవాడికి అంత ఇంగ్లీషే ఉంటే వాడికి అనువాదంతో పనేముంది? కాబట్టి వాడు ఏమీ రాయడు. పక్క కుర్చీలో కొత్తగా చేరినవాడు పాత ఫైలు మీదికి మౌసు తీసుకుపోతూంటే, తల ఎత్తకుండానే "ఓలా ఝన్ దబాబే" అంటాడు. దాన్ని నొక్కొద్దురా అని. ఇట్లు శుద్ధమైన ఛత్తీస్‌గఢీ పాఠము దినదినము నోటితో వెలువడుచున్నది. పీఓ ఫైలుకు చేరుట లేదు.